సముద్రం అడుగుకు పోయాను, బారాటాంగ్‌కు పోలేదు



ఫిబ్రవరిలో ఆఫీసు వాళ్లతో కలిసి అండమాన్ పోయొచ్చాను. స్టేటస్‌లో ఫోటోలు చూసి హాస్టల్ తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది అడిగారు. అన్నా, ఖర్చెంత? ఈత రాకపోయినా స్కూబా చేయొచ్చా? భయం వేయలేదా? అన్నీ చెప్తాను. ప్యాకేజీలో ఒక రోజుకి డబ్బు కట్టి కూడా నేను ఎందుకు పోలేదో అది కూడా చెప్తాను. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

మాది మాచర్ల దగ్గర తండా. చిన్నప్పుడు మాకు దీవి అంటే నాగార్జునకొండ ఒక్కటే. విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కితే గంటలోపు చేరొచ్చు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉన్న లోయ మొత్తం ఇప్పుడు ఆ లాంచీ కిందే, నీళ్లలో ఉంది. 1955 డిసెంబర్ 10న నెహ్రూ సాగర్ డ్యాంకు శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాల్ని రాయికి రాయి విడదీసి కొండ మీదికి, అనుపుకి తరలించి మళ్లీ నిలబెట్టారు. చాలా గొప్ప పని అది. అయితే స్కూల్ టూర్‌లో పోయినప్పుడు మాకు స్తూపాల గురించి చెప్పారు గానీ, ఆ నీళ్ల కింద ఊళ్లుండేవని, ఆ ఊళ్లలోని మనుషులు సామాను నెత్తిన పెట్టుకుని లేచిపోయారని ఎవరూ చెప్పలేదు. ఆ సంగతి నాకు ఇంట్లో తెలిసింది. మా తాత ఆ డ్యాం పనిలో రాళ్లు మోశాడు. అన్నేళ్లు ఆ నీటి పక్కనే బతికి, ఒక్కసారి కూడా లాంచీ ఎక్కకుండానే పోయాడు.

అందుకే సముద్రం మీద దీవులు తిరిగే సెలవు అంటే మనకు కాదు, డబ్బున్నోళ్లకు అనుకునేవాణ్ణి. ఉద్యోగం వచ్చాక ఏడుగురం కలిసి చెన్నై నుంచి విమానంలో పోయాం. మనిషికి మొత్తం 32,000 దాకా అయింది. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది గానీ రెండు రోజుల పైనే పడుతుంది. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్ పేరు శ్రీ విజయపురం అని మార్చారు కదా, విజయపురి పక్క నుంచి పోయినోణ్ణి విజయపురంలో దిగాను!

మొదట రాస్ దీవి. ఇప్పుడు దాని పేరు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్. బ్రిటిష్ వాళ్లు అక్కడి నుంచే అండమాన్‌ను ఏలారు. ఆ బంగళాల గోడల్ని మర్రి ఊడలు పట్టేసుకున్నాయి, అందరూ అక్కడే సెల్ఫీలు దిగుతారు. ఆ నీళ్లకు ఇవతల పట్టణంలో అబర్దీన్ యుద్ధానికి ఒక స్మారకం ఉంది, దాని దగ్గర మాత్రం జనం లేరు. 1859 మే 17న గ్రేట్ అండమానీలు విల్లంబులతో బ్రిటిష్ వాళ్ల మీదికి పోయి అక్కడ చనిపోయారు. అప్పట్లో వేలల్లో ఉన్న ఆ జనం ఇప్పుడు యాభై మంది చిల్లర. వాళ్ల భాషల్లో ఒకటైన బో భాష మాట్లాడే చివరి మనిషి బోవా సీనియర్ 2010 జనవరిలో చనిపోయింది. గోర్‌బోలీకి లిపి లేదని మనం బాధపడతాం. అక్కడ మాట్లాడేందుకు రెండో మనిషే లేకుండా పోయింది.

మరుసటి రోజు హేవ్‌లాక్, అంటే స్వరాజ్ ద్వీప్. స్కూబా అక్కడే. నాకు ఈత రాదు. రాకపోయినా చేయొచ్చు, ఎందుకంటే మన పక్కనే, మనల్ని పట్టుకునే శిక్షకుడు ఉంటాడు, 12 మీటర్లకు మించి తీసుకుపోరు. ముందు ఆరోగ్యం గురించి ఒక ఫారం నింపాలి. ఉబ్బసం, గుండె జబ్బు, చెవి సమస్య ఉంటే దాచొద్దు. మోకాలి లోతు నీళ్లలో నోటితో గాలి పీల్చడం నేర్పుతారు. లోపల మాట్లాడలేం కాబట్టి సైగలే. బొటనవేలు పైకి చూపిస్తే బాగుంది అని కాదు, పైకి పోదాం అని! బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి.

అసలు నియమం ఒక్కటే, ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లు దిగితే మన మీద ఒత్తిడి రెట్టింపు అవుతుంది. ఊపిరి బిగబట్టి పైకొస్తే లోపలి గాలి వ్యాకోచించి ఊపిరితిత్తులు చిరుగుతాయి. దిగేటప్పుడు చెవులు నొప్పి పుడితే ముక్కు మూసుకుని మెల్లగా గాలి ఊదాలి. డైవ్ అయ్యాక 18 గంటలు విమానం ఎక్కకూడదు. అందుకని డైవ్‌ను చివరి రోజుకి పెట్టుకోవద్దు.

భయం వేసిందా అంటే, మొదటి రెండు నిమిషాలు వేసింది. తర్వాత నా ఊపిరి చప్పుడు తప్ప ఇంకేం వినపడలేదు. చుట్టూ పగడాలు. అవి రాళ్లు కావు, ప్రాణమున్న జీవులు, చెయ్యి తగిలినా దెబ్బతింటాయి. శిక్షకుడు ముందే చెప్పాడు, ఇది వాటి ఇల్లు, చూసి రావాలి, ముట్టకూడదు అని. ఏడుగురం బుద్ధిగా తలూపాం.

ఆ రాత్రే గొడవ. మరుసటి రోజు ప్యాకేజీలో బారాటాంగ్, సున్నపురాతి గుహలు. తెల్లవారుజామునే లేచి జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బండ్లన్నీ కాన్వాయ్‌గా కట్టి, జారవాల రిజర్వ్ అడవిలో నుంచి పోవాలి. ఏజెంట్ నవ్వుతూ, అదృష్టం ఉంటే జారవాలు కనపడతారు సార్ అన్నాడు. మావాళ్లు గుహల సంగతి మర్చిపోయారు. జారవాలు ఎట్లుంటారు, బట్టలు వేసుకుంటారా, ఇదే మాట.

జారవాలు కొన్ని వందల మందే. 1998 దాకా చాలావరకు బయటివాళ్లను దగ్గరికి రానివ్వలేదు. వచ్చిన మరుసటి ఏడాదే వాళ్లకు తట్టు సోకింది. రిజర్వ్‌లో నుంచి పోయే ఆ రోడ్డును మూసేయమని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2012లో జారవా ఆడవాళ్లను తిండి ఆశ చూపించి డ్యాన్స్ చేయించిన వీడియో బయటికొచ్చి దేశమంతా గోల అయింది. ఫోటో తీస్తే జైలే. అయినా బండ్లు పోతూనే ఉన్నాయి.

నేను రానన్నాను. మీ వాళ్లేగా, నీకేంటి బాధ అన్నాడు ఒకడు. సరదాకే అన్నాడు.

మా నానమ్మ గుర్తొచ్చింది. ఫెట్యా, కాంచళి, చేతుల నిండా బలియాలు. ఆమె సాగర్ బజారుకు పోతే కార్లు ఆపి ఫోటోలు తీసేవాళ్లు. అడిగేవాళ్లు కాదు. ఒకసారి ఒకాయన ఫోటో తీసుకుని పది రూపాయలు చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి ఆ నోటును ఖర్చు పెట్టలేదు, పారేయలేదు, గోడ సందులో దూర్చింది. ఎందుకని మేం ఎవరం అడగలేదు.

ఆ రాత్రి మన వెల్దుర్తి చెంచు మిత్రుడికి ఫోన్ చేశాను. సర్కారు లెక్కలో చెంచులు, జారవాలు ఇద్దరూ ఒకే జాబితాలో ఉంటారు, దేశంలోని 75 అతి బలహీన గిరిజన సమూహాల్లో. అంతా విని వాడు ఒకటే అడిగాడు, "మా గూడేన్ని టికెట్ పెట్టి చూపిస్తే నువ్వు బస్సెక్కుతావా రా?"

ఎక్కలేదు. నలుగురు పోయారు, ముగ్గురం ఆగిపోయాం. కట్టిన డబ్బు వెనక్కి రాలేదు. పోయినవాళ్లు మధ్యాహ్నం వచ్చి ఎవరూ కనపడలేదని ఉసూరుమన్నారు. నాకు మాత్రం ఆ మాట విని ప్రాణం కుదుటపడింది.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీరు పోవద్దని నేను అనను. తప్పకుండా పోండి. సముద్రం అడుగున ఏముందో మన పిల్లలూ చూడాలి. మనలోంచి డైవ్ శిక్షకులు కూడా రావాలి, దానికి ముందు ఈత నేర్చుకోండి. కానీ డబ్బు కట్టే ముందు ప్యాకేజీలో రోజువారీ కాగితం అడిగి చదవండి. బారాటాంగ్ ఉంటే ముందే తీసేయించి, ఆ రోజు నీల్ దీవికి మార్చమనండి. మీతో వచ్చేవాళ్లు ఎందుకని అడిగితే కోపం తెచ్చుకోకుండా చెప్పండి. మన ఇంట్లో ఒక నానమ్మ కథ ఉండే ఉంటుంది, అదే చెప్పండి.