కెమెరా ఆపాక చెప్పిన క్లాసు

"పెద్దాఫీసర్లు లీడర్‌షిప్ క్లాసులు చెప్తారా? ఏం చెప్తార్రా, ఫోన్‌లో ఆర్డర్ ఇచ్చేసి కాగితం దగ్గరికొచ్చేసరికి మర్చిపోవడం ఎలాగో చెప్తారా?"

నా కొత్త ప్రాజెక్ట్ గురించి చెప్పగానే నాన్న అన్న మాట ఇది. నేను పని చేసే కంపెనీ హైదరాబాద్‌లో ఒక శిక్షణ సంస్థకి వీడియో ప్లాట్‌ఫామ్ చేసిపెడుతోంది. ప్రభుత్వ అధికారులకి అక్కడ ట్రైనింగ్. సొంత ఫ్యాకల్టీతో పాటు, సర్వీస్‌లో ఉన్నవాళ్లు, రిటైరైనవాళ్లు, సెక్రటరీ స్థాయి అధికారులు గెస్ట్ ఫ్యాకల్టీగా వస్తారు. వాళ్ల క్లాసులు రికార్డ్ చేసి, ముక్కలు చేసి, యాప్‌లో పెట్టాలి. పెట్టే టీమ్‌కి నేను లీడ్‌ని.

నాన్న వెటకారానికి కారణం ఉంది. ఆయన మండల రెవెన్యూ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్‌గా చేరి, సీనియర్ అసిస్టెంట్‌గా రిటైరయ్యారు. గోదావరి ఒడ్డు మండలం. నా చిన్నప్పుడు ఒకసారి వరదొచ్చింది. లంకలో జనం చిక్కుకున్నారు. పై ఆఫీసర్ ఫోన్‌లో "లిస్టూ గిస్టూ తర్వాత, ముందు బియ్యం పంపించండి" అన్నారట. నాన్న పంపించారు. మోకాల్లోతు నీళ్లలో, చీకట్లో, ఎవరికి ఎన్ని కేజీలు అని సంతకాలు పెట్టించే వీల్లేదు. ఏడాది తర్వాత ఆడిట్ వచ్చింది. సంతకాలేవీ అన్నారు. ఫలానా సార్ ఫోన్‌లో చెప్పారని నాన్న రాసిచ్చారు. ఆ సార్ అప్పటికి ట్రాన్స్‌ఫర్. "నాకు గుర్తు లేదు" అని జవాబు వచ్చింది. నాన్నకి చార్జ్ మెమో, ఒక ఇంక్రిమెంట్ కట్.

డబ్బు పెద్దది కాదు. కానీ ఆ మెమో కాగితం మా ఇంట్లో బీరువాలో ఇప్పటికీ ఉంది, నా ఇంజనీరింగ్ సర్టిఫికెట్లున్న ఫోల్డర్ కిందే.

అందుకే ఆ ప్రాజెక్ట్‌లోకి నేను కాస్త ముఖం చిట్లించుకునే వెళ్లాను.

పెద్ద పదవుల్లో పనిచేసినవాళ్లని క్లాసుకి తీసుకురావడం మన దగ్గర కొత్తేం కాదు. ముస్సోరిలో ఐఏఎస్ అకాడమీ 1959 నుంచి ఉంది. మన హైదరాబాద్‌లోనే బెల్లావిస్టా భవనంలో అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ ఉంది. ఇంగ్లండ్‌లోని హెన్లీ కాలేజీ నమూనాలో 1956లో పెట్టారు. తొలి రోజుల్లో దానికి ప్రిన్సిపల్ ఎవరో తెలుసా? జనరల్ శ్రీనగేశ్. 1957లో ఆర్మీ చీఫ్‌గా రిటైరై నేరుగా అక్కడికి వచ్చారు. తర్వాత ఆంధ్రప్రదేశ్ గవర్నర్ కూడా అయ్యారు. హెన్లీ పద్ధతిలో లెక్చర్ల కన్నా, ప్రభుత్వంలోంచి, కంపెనీల్లోంచి వచ్చినవాళ్లని చిన్న గుంపులుగా కూర్చోబెట్టి, ఒకరి అనుభవం ఇంకొకరు వినేలా చేయడమే ముఖ్యం. అనుభవం ఉన్నవాడే పాఠం అన్నమాట. 2020లో కేంద్రం మిషన్ కర్మయోగి మొదలుపెట్టాక ప్రభుత్వ ఉద్యోగుల ట్రైనింగ్ ఆన్‌లైన్‌లోకి జోరుగా వచ్చింది. మా ప్రాజెక్ట్‌కి దానితో సంబంధం లేదు గానీ, ఆ గాలి అందరికీ తగిలింది.

ఇక్కడ నా ఉద్యోగం ప్రత్యేకత ఒకటి చెప్పాలి. చూసేవాళ్లు వీడియోలో ఏ నిమిషంలో వెళ్లిపోయారో, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశారో మాకు గ్రాఫ్‌లో కనిపిస్తుంది. లీడర్ అనే మాటలో ఒక్కో ఇంగ్లిష్ అక్షరానికి ఒక్కో సుగుణం చెప్పే స్లైడ్ ఒకటుంటుంది. చాలామంది పెద్దలకి అదంటే ఇష్టం. ఆ స్లైడ్ రాగానే గ్రాఫ్ లిఫ్ట్ తెగినట్టు కిందకి పడుతుంది. "నేను కలెక్టర్‌గా ఉన్నప్పుడు జిల్లా రూపురేఖలే మార్చేశాను" అన్నా దాదాపు అంతే. ఆగి, వెనక్కి జరిపి చూసేది ఎక్కడో తెలుసా? "అప్పుడు నాకేం చేయాలో తోచలేదు" అనే చోట. కానీ అలాంటి చోట్లు తక్కువ.

ఎందుకు తక్కువో ఒక రోజు క్లాసులో కూర్చుంటే అర్థమైంది.

ఆడియో సరిగ్గా రావడం లేదని కంప్లయింట్ వస్తే నేనే వెళ్లాను. కొత్తగా ప్రమోషన్ వచ్చిన అధికారుల బ్యాచ్, ఓ ముప్ఫై మంది. గెస్ట్ ఫ్యాకల్టీగా ఒక సీనియర్ ఐఏఎస్ మేడమ్ వచ్చారు. విపత్తుల్లో నిర్ణయాలు ఆవిడ టాపిక్. మొదటి గంట బాగానే ఉంది, అంటే మామూలుగా ఉంది. కంట్రోల్ రూమ్, పునరావాస కేంద్రాలు, ఎవరి బాధ్యత ఏంటి. టీ బ్రేక్ తర్వాత ఆవిడ మా కెమెరా వైపు చూసి, "బాబూ, అది కాసేపు ఆపు" అన్నారు.

ఆపాను. బయటికి వెళ్లాలా అన్నట్టు చూశాను. "నువ్వుండు. పేర్లు, ఊళ్లు బయట చెప్పకు, విషయం చెప్పుకో" అన్నారు. అందుకే ఇది రాయగలుగుతున్నాను. కొన్ని వివరాలు కావాలనే వదిలేశాను.

సర్వీస్‌లో ఉన్నవాళ్లకి కెమెరా అంటే ఎందుకు బెరుకో కూడా ఆవిడే చెప్పారు. 1968 నాటి ఆలిండియా సర్వీసెస్ కండక్ట్ రూల్స్‌లో ఏడో రూల్ ఉంది. ప్రభుత్వ విధానాన్ని గానీ, చర్యని గానీ విమర్శించినట్టు అయ్యే మాట బహిరంగంగా అనకూడదు. ఒక వరదలో ఏం తప్పు జరిగిందో చెప్పబోతే, అది విమర్శ అయిపోతుందేమోనని భయం. అందుకని అందరూ సుగుణాల స్లైడ్‌ని ఆశ్రయిస్తారు. నా గ్రాఫ్ రహస్యం అక్కడ తెలిసింది.

ఇక అసలు విషయం. ఆవిడ సబ్ కలెక్టర్‌గా ఉన్నప్పుడు వరద. ప్రైవేట్ పడవలు కావాలి, వాళ్లేమో రేటు రెండింతలు అడుగుతున్నారు. ఒక తహసీల్దార్ గారు ఫోన్ చేస్తే, "ఎంతైనా పెట్టండి, నేను చూసుకుంటా" అన్నారు. పడవలు వచ్చాయి. జనం బయటపడ్డారు. కొన్నాళ్లకే ఈవిడకి వేరే పోస్టింగ్. తర్వాత బిల్లుల మీద ఆడిట్ అభ్యంతరం. తహసీల్దార్ గారు "సబ్ కలెక్టర్ గారి మౌఖిక ఆదేశం" అని రాశారు. నిజమేనా అని ఈవిడకి లెటర్ వచ్చింది.

"నాకు గుర్తుంది. బాగా గుర్తుంది. కానీ ఔనని రాస్తే ఎంక్వయిరీ నా మీదకి వస్తుంది. నా మొదటి పెద్ద పోస్టింగ్ అది. తర్వాత చూద్దాంలే అని పక్కన పెట్టాను. అబద్ధం రాయలేదు. అసలు ఏమీ రాయలేదు."

ఈలోగా తహసీల్దార్ గారు రిటైరయ్యారు. విచారణ పెండింగ్‌లో ఉంటే గ్రాట్యుటీ ఆపేస్తారు, ప్రొవిజనల్ పెన్షన్ మాత్రమే ఇస్తారు. ఆవిడ జవాబు రాసేసరికి మూడేళ్లు. రాశాక ఆయన డబ్బు ఆయనకి వచ్చింది. తర్వాత ఒక పెళ్లిలో కనిపించారట. "నమస్కారం మేడమ్ అన్నారు. నేను ఏదో చెప్పబోయాను. భోజనాలు అటువైపు మేడమ్ అని చెయ్యి చూపించి వెళ్లిపోయారు."

క్లాసంతా నిశ్శబ్దం. ఫ్యాన్ చప్పుడు వినిపిస్తోంది. నా మటుకు నాకు లోపల మండుతోంది. నాన్న ముఖం గుర్తొస్తోంది. మూడేళ్లా? ఒక్క పేజీ రాయడానికి?

అప్పుడు ఒకాయన లేచి అడిగారు. "మేడమ్, ఫోన్‌లో చెప్పింది రాసివ్వండి అని మేం అడిగితే పై అధికారికి కోపం రాదా?"

"వస్తుంది. నాకూ వచ్చేది."

ఈ మాట ఏ స్లైడ్‌లోనూ ఉండదు.

తర్వాత ఆవిడ అవే కండక్ట్ రూల్స్‌లో మూడో రూల్ చదివి వినిపించారు. పై అధికారి ఆదేశం మామూలుగా రాతలోనే ఉండాలి. నోటితో చెప్పక తప్పకపోతే, వెంటనే రాసి ధ్రువీకరించాలి. నోటి ఆదేశం అందుకున్నవాడు వీలైనంత త్వరగా రాతపూర్వకంగా అడగాలి, అడిగితే ఇవ్వడం పై అధికారి డ్యూటీ. అంత స్పష్టంగా ఉంది. "అడగమని రూల్ ఉంది. కానీ అడిగే ధైర్యం కింది వాడి దగ్గర ఉంటుందని నేననుకోను. కాబట్టి అడక్కముందే మీరు రాయండి. అదే రోజు రాత్రి. రెండు లైన్లు చాలు." అని, అందరి చేతికి తెల్ల కాగితాలిచ్చారు. "ఈ నెలలో మీరు నోటితో ఇచ్చిన ఒక ఆర్డర్ రాయండి. తేడా వస్తే ఎవరి పేరు మీదకి వస్తుందో ఆ పేరు కింద రాయండి. నాకివ్వక్కర్లేదు."

ముప్ఫై మంది తలలు వంచుకుని రాస్తున్నారు. నాకెవరూ కాగితం ఇవ్వలేదు. కానీ పేరు దానంతటదే వచ్చేసింది.

మా టీమ్‌లో ఒక జూనియర్ ఉన్నాడు. రెండు నెలల ముందు, శుక్రవారం రాత్రి రిలీజ్. పాత రికార్డులు క్లీన్ చేసే స్క్రిప్ట్ ఉంది. టెస్ట్ సర్వర్ మీద ముందు రన్ చేయాలి. టైమ్ లేదు. నేను కాల్‌లో "ప్రొడక్షన్‌లోనే రన్ చేసెయ్, ఏం కాదు" అన్నాను. "అన్నా, ఒకసారి టెస్ట్‌లో..." అని వాడు నసిగాడు. "నేను చెప్తున్నాగా" అన్నాను. ఎవరెవరు ఏ కోర్సు పూర్తి చేశారో ఆ వివరాలు కొన్ని ఎగిరిపోయాయి. బ్యాకప్ నుంచి తెచ్చాం, ఒక రోజు డేటా మాత్రం రాలేదు. సోమవారం రిపోర్ట్ నేనే రాశాను. 'స్క్రిప్ట్ తగిన పరీక్ష లేకుండా రన్ చేయబడింది.' చేయబడింది! తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ఆ కర్మణి ప్రయోగం ఎంత పనికొస్తుందో. నేనెవరి పేరూ రాయలేదు. రాయక్కర్లేదు, లాగ్‌లో వాడి ఐడీ ఉంది. మా వాళ్లు వాడే టూల్‌లో గిట్ బ్లేమ్ అని ఒక కమాండ్ ఉంటుంది. ఏ లైన్ ఎవరు రాశారో చూపిస్తుంది. ఎవరు రాయమన్నారో చూపించదు. అప్రైజల్‌లో వాడి రేటింగ్ తగ్గింది. నాది తగ్గలేదు.

నాన్న మెమో చూస్తూ పెరిగినవాణ్ని నేను.

ఆ రాత్రి మేనేజర్‌కి మెయిల్ రాశాను. రెండు లైన్లే, నిజానికి నాలుగయ్యాయి. ప్రొడక్షన్‌లో రన్ చేయమన్నది నేనేనని, వాడు వద్దన్నా నేనే చెప్పానని. జూనియర్‌ని కూడా కాపీలో పెట్టాను. పంపించే ముందు చాలాసేపు డ్రాఫ్ట్‌లో ఉంచాను. మేడమ్ మూడేళ్లు ఎలా గడిపారో అప్పుడు కొంచెం అర్థమైంది. పొద్దున మేనేజర్ అడిగిన మొదటి ప్రశ్న "ఇప్పుడెందుకు ఇదంతా?" రేటింగ్ సైకిల్ క్లోజైపోయిందట, మార్చడం కుదరదట, వచ్చేసారి చూద్దాం అన్నారు. జూనియర్ ఏమీ అనలేదు. మధ్యాహ్నం మాత్రం "అన్నా, టీకి వస్తావా" అని మెసేజ్ పెట్టాడు. టీ దగ్గర వాడే మాట్లాడాడు, క్రికెట్ గురించి.

వీడియో యాప్‌లోకి వెళ్లింది. మొదటి గంట మాత్రమే. గ్రాఫ్ మామూలుగానే ఉంది.

ఆదివారం ఊరెళ్లినప్పుడు నాన్నకి మేడమ్ సంగతి మొత్తం చెప్పాను. నా సంగతి కూడా చెప్పాను. నా సంగతికి ఏమీ అనలేదు. పేపర్ మడిచి పక్కన పెట్టి, "ఆవిడ చివరికి రాసిందా?" అన్నారు.

"రాశారు నాన్నా."

"ఎన్నాళ్లకి?"

"మూడేళ్లకి."

కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. మళ్లీ పెట్టుకున్నారు.

"రాసిందిగా" అన్నారు.