వైరు తగిలించారా?

పిల్లలూ, మీలో చాలామందికి తెలుగు వింటే అర్థమవుతుంది. మాట్లాడాలంటే మాత్రం నోరు రాదు. అవునా? నాకు ఇంగ్లీషుతో అచ్చం అలాగే ఉంటుంది. అందుకే మా ఇంట్లో పాతకాలం వీడియో గేమ్ పెట్టుకున్న సంగతి మీకు చెబుతాను.

మేం సింగపూర్ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. లిటిల్ ఇండియాలో, టెక్కా మార్కెట్ దగ్గర ఉంటాం. కిందికి దిగితే చాలు, మల్లెపూలు, అరటాకులు, కరివేపాకు అన్నీ దొరుకుతాయి. గుంటూరులో నేను బడిలో టీచర్‌ని. ఇక్కడ ఇంట్లో ఉంటూ శనివారాలు నలుగురు పిల్లలకి తెలుగు చెబుతున్నాను. వాళ్లలో మా పక్కింటి పాప ఒకతి. 11 ఏళ్లు, ఇక్కడే పుట్టింది. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది.

సెలవుల్లో మా అబ్బాయి, "అమ్మా, నీ చిన్నప్పటి ఆటలు చూపించు" అన్నాడు. అప్పట్లో మా ఇంట్లో టీవీకి పెట్టుకునే వీడియో గేమ్ ఉండేది. క్యాసెట్ పెట్టి ఆడేవాళ్లం. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే ఓ 15 ఆటలే మళ్లీ మళ్లీ వచ్చేవి!

ఆ పెట్టె ఇప్పుడు లేదు. అందుకని రాస్‌ప్‌బెర్రీ పై అనే బుల్లి కంప్యూటర్ కొందామనుకున్నాం. అది ఏటీఎం కార్డంత ఉంటుంది. పిల్లలు ప్రోగ్రాములు రాయడం నేర్చుకోవాలని ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జిలో తయారుచేశారు. మొదటిది 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది.

జలాన్ బెసార్ రోడ్డులో సిమ్ లిమ్ టవర్ ఉంది కదా, అక్కడికి నడిచి వెళ్లాను. నా ఇంగ్లీషు అమ్మేవాళ్లకి అర్థం కాలేదు. వాళ్లది నాకు అర్థం కాలేదు. వేలు పెట్టి చూపించి నాలుగో రకం బోర్డు, మెమరీ కార్డు, రెండు కంట్రోలర్లు కొని గబగబా బయటపడ్డాను. ఛార్జర్ సంగతి అడగాలనుకుని కూడా అడగలేదు. ఇంట్లో ఫోన్ ఛార్జర్ ఉందిలే అనుకున్నాను.

పక్కింటి పాపని పిలిచాను. తను ఇంగ్లీషు చదివి చెప్పాలి, నేను చెయ్యాలి. ఈ బోర్డులో హార్డ్ డిస్క్ ఉండదు. అందుకే ముందు రెట్రోపై అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ల్యాప్‌టాప్‌లో మెమరీ కార్డు మీదికి ఎక్కించాం. కార్డుని బోర్డులో దూర్చి, హెచ్‌డీఎంఐ వైరు టీవీకి పెట్టాం. తెర వెలిగింది. కంట్రోలర్ మీద ఏదో ఒక బటన్ నొక్కి పట్టుకోమంది. తరవాత ఒక్కో బటన్ పేరే అడగడం మొదలుపెట్టింది.

"తెలుగులో చెప్పు, అప్పుడే నొక్కుతా" అన్నాను.

"పైకి... కిందికి..." అంది. ఆ తరవాత ఆగిపోయింది.

"అన్నం తినే చెయ్యి కుడి. రెండోది ఎడమ" అన్నాను.

"కాదు ఆంటీ! నేను ఎడమ చేయితో తింటాను!"

తనది ఎడమచేతివాటం. ఆ సంగతి నేను మరిచేపోయాను. కానీ చూశారా, నాతో వాదించడానికి తెలుగులో ఒక పూర్తి వాక్యం చెప్పేసింది! "చేయితో" కాదు, "చేత్తో" అనాలి. మా అబ్బాయి నవ్వబోయాడు. నేను ఉరిమి చూశాను. పాప తలొంచుకుని, విజయవాడ వెళ్లినప్పుడు తన మాట విని అందరూ నవ్వారని మెల్లగా చెప్పింది. నేను కొట్లో పడ్డ అవస్థ చెప్పాను. అప్పుడు మాత్రం ముగ్గురం నవ్వుకున్నాం.

ఆట మొదలైంది. ఒక మాట గుర్తుంచుకోండి. పాత ఆటలైనా అవి వాటి కంపెనీలవే, ఇష్టమొచ్చినట్టు కాపీ చేసుకోకూడదు. ఇప్పటికీ సరదాగా అలాంటి ఆటలు తయారుచేసి ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు. మేం వాటిలో ఒకటి పెట్టుకున్నాం. కాసేపటికి తెర మూల పసుపు రంగు మెరుపు గుర్తు వచ్చింది. ఆట ఆగిపోయింది. బోర్డుకి కరెంటు చాలడం లేదన్నమాట. దీనికి 5 వోల్టులు, 3 ఆంపియర్ల ఛార్జర్ కావాలి. నా ఫోన్ ఛార్జర్ అంత ఇవ్వలేదు.

మళ్లీ సిమ్ లిమ్ టవర్‌కి వెళ్లాం. ఈసారి పాప కూడా వచ్చింది. దారంతా నాకు ఆ వాక్యం నేర్పింది. కొట్లో తను మాట్లాడలేదు. నేనే అడిగాను. ఒక్కసారికే అర్థమైంది!

ఇంటికొచ్చి, ఆడేముందు రెండో కంట్రోలర్ వైరు పట్టుకుని చివరిదాకా చూశాను. "ఎందుకమ్మా?" అన్నాడు మా అబ్బాయి. అప్పుడు చెప్పాను. చిన్నప్పుడు మా అన్నయ్య రెండో రిమోట్ నాకిచ్చేవాడు. నేను తెగ నొక్కేదాన్ని. తెర మీద బొమ్మ ఎగిరితే నేనే ఎగిరించాననుకునేదాన్ని. చాలా రోజుల తరవాత తెలిసింది, దాని వైరు అసలు పెట్టెకి తగిలించనేలేదని! ఆటంతా చూశాను, ఆడింది మాత్రం అన్నయ్యే.

పాప వెంటనే తన కంట్రోలర్ వైరు చూసుకుంది. "పెట్టే ఉంది ఆంటీ" అంది తెలుగులో.

పిల్లలూ, తెలుగు వింటున్నారు, అర్థం చేసుకుంటున్నారు. రిమోట్ మీ చేతిలోనే ఉంది. వైరు కూడా తగిలించండి. తప్పు మాట్లాడితే ఏమవుతుంది? ఆట మళ్లీ మొదలుపెడతాం, అంతే.

గట్టిగా చదవండి: కాంట్రా ఆటలో 30 ప్రాణాలు రావడానికి మా అన్నయ్య బట్టీపట్టిన మంత్రం ఇది. పైకి, పైకి, కిందికి, కిందికి, ఎడమ, కుడి, ఎడమ, కుడి, బి, ఏ.

మీరే చెప్పండి:
1. ఆట మధ్యలో ఎందుకు ఆగిపోయింది?
2. పాప తెలుగులో మాట్లాడటానికి ఎందుకు సిగ్గుపడేది?
3. మీ అమ్మానాన్నలు చిన్నప్పుడు ఏ ఆటలు ఆడారు? తెలుగులో అడిగి, నాలుగు వాక్యాలు రాయండి.