కలిసి తిందామన్నది నేనే

అమ్మ పోయాక నాన్నను హైదరాబాద్ తీసుకొచ్చాం. తెనాలి పక్క ఊళ్ళో జన్మంతా ఒకే ఇంట్లో బతికిన మనిషి. ఇక్కడ ఆయనకు ఒంటరితనం అనిపించకూడదని నేనొక నియమం పెట్టాను. రాత్రి భోజనం ఆయనతో కలిసే చేయాలని. నేను పత్రికాఫీసులో జిల్లాల డెస్కులో పనిచేస్తాను. పేజీలు వదిలి ఇంటికి చేరేసరికి పదిన్నర. పిల్లలు అప్పటికే తిని పడుకుంటారు. మా ఆవిడ ఎనిమిదింటికే కంచం పెట్టి "మావయ్య గారూ, మీరు తినేయండి" అంటే, "వాణ్ణి రానీ అమ్మా" అనేవాడట.

పెద్దాయన నా కోసం కాచుకుని ఉన్నాడని మురిసిపోయి, పక్కన కూర్చుని కొసరి కొసరి వడ్డించేవాణ్ణి. ముద్దపప్పు, నెయ్యి, ఊరి ఆవకాయ, ఏదో ఒక వేపుడు, చివర గడ్డపెరుగు. ఊళ్ళో ఆయన రాత్రిపూట తినేది ఇంతా కాదు, ఈ వేళకూ కాదు. ఏడు కొట్టేసరికి కాస్త పెరుగన్నం, రెండు మజ్జిగ మిరపకాయలు. ఆ తర్వాత అరుగు మీద కబుర్లు, తొమ్మిదిన్నర దాటాక మంచం. నాకు తెలియని సంగతేమీ కాదు, పుట్టినప్పటి నుంచీ చూసిందే. కాకపోతే అది పల్లెటూరి పద్ధతి, కరెంటు సరిగ్గా లేని రోజుల అలవాటు అని నా లెక్క.

తిన్న కాసేపటికే నాన్న కుర్చీలో తూగేవాడు. అది చూసి నాకెంతో తృప్తి. "కడుపు నిండితే చూడు ఎంత హాయిగా నిద్రపడుతుందో" అని మా ఆవిడతో అన్నాను కూడా. నా సంగతీ అంతేగా. రాత్రి దండిగా తిని, తల దిండుకు తగిలిందే తడవుగా నిద్రలోకి జారిపోయేవాణ్ణి. అదో ఘనతలా నలుగురిలో చెప్పుకునేవాణ్ణి. తెల్లవారుజామున నోరెండిపోయి, మెడంతా చెమటతో మెలకువ రావడం గురించి మాత్రం ఎవరికీ చెప్పలేదు. దాన్ని ఉద్యోగం ఖాతాలో రాసుకున్నాను.

రాత్రి రెండు దాటాక హాల్లో లైటు వెలిగేది. నాన్న సోఫాలో నిటారుగా కూర్చుని దగ్గుతూ, గొంతు సవరించుకుంటూ కనిపించేవాడు. ఏంది నాన్నా అంటే, "ఏం లేదురా, నువ్వు పడుకో. వయసు మీదపడితే నిద్ర అట్టానే తగ్గుద్ది" అనేవాడు. ఆ జవాబు నాకు సుఖంగా ఉంది. వయసుదే తప్పయితే ఇంట్లో ఎవరూ ఏదీ మార్చుకోనక్కర్లేదు.

అలాగని ఊరుకున్నానా? ఊరుకుంటే కొంత నయమయ్యేది. ఆదివారం అనుబంధంలో ఆరోగ్యం పేజీని కొన్నాళ్ళు నేనే చూశాను. నిద్ర పట్టించే ఆహారాలంటూ ఇంగ్లీషులో వచ్చిన ముక్కల్ని ఏటా ఏదో ఒక రూపంలో తెలుగు చేసేవాణ్ణి. పాలు, అరటిపండు, బాదంపప్పు, గసగసాలు. ట్రిప్టోఫాన్ అనే మాటను ఎన్నిసార్లు టైపు చేశానో. అది ఎంత మోతాదులో ఉంటే పనిచేస్తుంది, గ్లాసు పాలలో ఎంత ఉంటుంది అన్న ప్రశ్న ఒక్కసారీ రాలేదు. క్రికెట్ స్కోరులో ఒక్క అంకె తేడా వస్తే డెస్కంతా లేచి నిలబడే ఆఫీసు మాది. ఆరోగ్యం పేజీకి మాత్రం బొమ్మ బాగుంటే చాలు. ఆ పాండిత్యమే నాన్న మీద ప్రయోగించాను. పదిన్నర భోజనం పైన, పడుకోబోయే ముందు పెద్ద గ్లాసు నిండా పంచదార వేసిన పాలు, ఒక అరటిపండు. "పేపర్లో నేనే రాశాను నాన్నా, తాగు" అన్నాను. కొడుకు రాశాడు కాబట్టి తాగాడు. మెలకువలు తగ్గకపోగా, బాత్‌రూమ్‌కి లేవడం అదనంగా వచ్చిపడింది. షుగర్ లేని మనిషి కాబట్టి అంతటితో పోయింది.

దగ్గు ముదురుతోందని, ఊపిరితిత్తుల్లో ఏమైనా ఉందేమోనని చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాను. ఎక్స్‌రే చూసి ఏమీ లేదన్నాడు. తర్వాత నాతో మాట్లాడటం మానేసి నాన్నవైపు తిరిగాడు.

"పెద్దాయనా, రాత్రి అన్నం ఎన్నింటికి తింటారు?"

"మావాడు వచ్చినాక."

"పడుకునేది?"

"తిన్నాకే. కళ్ళు మూతలు పడతాయి గదా."

నాన్న మాటలో ఫిర్యాదు లేదు. అందుకే నాకు ఎక్కువగా తగిలింది. నేను ప్రేమ అనుకుని పెట్టిన నియమాన్ని ఆయన మర్యాద కొద్దీ భరిస్తూ వచ్చాడు. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవాడేమో. నేనడగలేదు.

డాక్టర్ చెప్పింది పెద్ద రహస్యమేమీ కాదు. అన్నవాహిక జీర్ణకోశంలో కలిసేచోట మూతలా పనిచేసే కండరం ఒకటుంటుంది. నిలబడో కూర్చునో ఉంటే లోపలి ఆమ్లం కిందనే ఉంటుంది. నిండు కడుపుతో వాలిపోతే అది పైకి ఎగదన్నుతుంది. నెయ్యి, నూనె ఎక్కువైతే కడుపు ఖాళీ కావడానికి ఇంకా ఆలస్యం. గొంతు దాకా వచ్చిన ఆ పులుపే రాత్రి దగ్గు. తిండికీ పడకకూ మధ్య కనీసం మూడు గంటలు ఉండాలన్నాడు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నాడు. మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టమన్నాడు. దిండ్ల మీద దిండ్లు పేరిస్తే లాభం లేదట. అలా చేస్తే నడుం దగ్గర మడతపడి కడుపు మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మేం అప్పటికి మూడు దిండ్లు వేసి ఉన్నాం.

ఆ పేజీ చూసే రోజుల్లో చదవాల్సినవన్నీ ఆ తర్వాత చదివాను. తినగానే కునుకెందుకు వస్తుందన్నదే నన్ను ఎక్కువగా పట్టుకుంది, ఎందుకంటే ఆ కునుకే నన్ను మోసం చేసింది. అన్నం తింటే రక్తంలో గ్లూకోజ్ పెరిగి ఇన్సులిన్ వస్తుంది. ఇన్సులిన్ రక్తంలోని చాలా అమైనో ఆమ్లాలను కండరాల్లోకి పంపేస్తుంది, ట్రిప్టోఫాన్‌ను మాత్రం పెద్దగా కదిలించదు. మెదడులోకి వెళ్ళే దారిలో ఇవన్నీ పెళ్ళిలో మొదటి బంతికి తోసుకునే జనంలా పోటీపడతాయి. మిగతావాళ్ళు తప్పుకుంటే వెనకున్న ట్రిప్టోఫాన్‌కు చోటు దొరుకుతుంది. దాన్నుంచే సెరటోనిన్, సెరటోనిన్ నుంచి మెలటోనిన్ తయారవుతాయి. ఇది ఒక దారి. ఇంకో దారి ఓరెక్సిన్ అనే రసాయనానిది. 1998లో బయటపడిన ఈ పదార్థం మనల్ని మేలుకొని ఉండేలా చేస్తుంది. గ్లూకోజ్ పెరిగితే దాన్ని విడుదల చేసే కణాల జోరు తగ్గుతుందని చుంచెలుకల మీద ప్రయోగాల్లో తేలింది.

మరి పాలు? గ్లాసు పాలలో ఉండే ట్రిప్టోఫాన్ గ్రాములో పదో వంతు. నిద్ర త్వరగా రావడం మీద జరిగిన ప్రయోగాల్లో ఇచ్చిన మోతాదు గ్రాము, ఆపైన. పైగా పాలలోని మాంసకృత్తులతో పాటు పోటీకొచ్చే మిగతా అమైనో ఆమ్లాలూ వస్తాయి. వేడిపాలు తాగితే ప్రాణానికి హాయిగా ఉంటుంది, కాదనను. ఆ హాయికి నేను పేపర్లో చెప్పిన కారణమే తప్పు.

సిడ్నీ విశ్వవిద్యాలయం వాళ్ళు 2007లో ప్రచురించిన ప్రయోగమొకటి అన్నం తినేవాళ్ళంతా తెలుసుకోదగ్గది. ఆరోగ్యంగా ఉన్న 12 మంది మగవాళ్ళకు ఒక రాత్రి త్వరగా అరిగే జాస్మిన్ బియ్యంతో, ఇంకో రాత్రి మెల్లగా అరిగే పొడవు బియ్యంతో భోజనం పెట్టారు. పడకకు నాలుగు గంటల ముందు తిన్నప్పుడు జాస్మిన్ అన్నంతో సగటున 9 నిమిషాల్లో నిద్రపట్టింది. రెండోదానితో 17.5 నిమిషాలు పట్టింది. ఇక్కడిదాకా వింటే నా వాదనే గెలిచినట్టుంటుంది. కానీ అదే జాస్మిన్ అన్నాన్ని పడకకు గంట ముందు పెడితే 14.6 నిమిషాలు పట్టింది. మా ఇంట్లో వండేది బాపట్లలో పుట్టిన బీపీటీ 5204, తెల్లగా మరపట్టిన సన్నబియ్యం. సిడ్నీ లెక్కను ఉన్నదున్నట్టుగా తెనాలి పెద్దాయనకు అంటగట్టకూడదు. వాళ్ళు ఆరోగ్యవంతులు, పైగా కొద్దిమంది. అయినా ఏడింటి పెరుగన్నానికీ తొమ్మిదిన్నర దాటాక మంచం ఎక్కడానికీ మధ్య నాన్న వదిలిన ఎడం చూసుకుంటే నాకు సిగ్గేసింది.

పైగా ఇవన్నీ నిద్ర ఎంత త్వరగా వచ్చిందో చెప్పే కొలతలు. వచ్చిన నిద్ర ఎలా ఉందన్నది ఇంకో లెక్క. న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు 2016లో 26 మంది మీద చేసిన అధ్యయనంలో నెయ్యి, వెన్నల్లో ఉండే రకం కొవ్వు ఎక్కువ తిన్నరోజు గాఢనిద్ర తగ్గింది. పీచు ఎక్కువైన రోజు పెరిగింది. చక్కెర ఎక్కువైన రోజు మధ్యలో మెలకువలు ఎక్కువయ్యాయి. నేను నాన్నకు వడ్డించిన కంచాన్నీ, చేతికిచ్చిన గ్లాసునూ ఎవరో చూసి రాసినట్టనిపించింది.

ఆస్ట్రేలియావాళ్ళదే 1992 నాటి ఇంకో చిన్న ప్రయోగం ఉంది. ఆరుగురు కుర్రవాళ్ళకు రాత్రి భోజనంతో టబాస్కో సాసు, ఆవాల ముద్ద పెట్టారు. వాళ్ళ గాఢనిద్ర తగ్గింది, మెలకువలు పెరిగాయి, తొలి నిద్రలో ఒంటి వేడి మామూలు కంటే పైన ఉంది. నిద్రలోకి జారాలంటే ఒళ్ళు కాస్త చల్లబడాలి మరి. మిరపకాయ, ఆవపిండి కలిపిన పదార్థాన్ని మా గుంటూరు వైపు ఏమంటారో ఆ పరిశోధకులకు తెలిసి ఉండదు. అలవాటైన నాలుకకూ అలవాటు లేని నాలుకకూ తేడా ఉండొచ్చని నా అనుమానం, ఆశ కూడా. ఏదైతేనేం, మా ఇంట్లో రాత్రిపూట ఆవకాయ జాడీ మీద ఆంక్షలు వచ్చాయి. నాన్న మధ్యాహ్నం భోజనంలో ఆ లోటు పూడ్చుకుంటున్నాడు.

నా తప్పుల్లో టీ కూడా ఉంది. రాత్రి ఎనిమిదింటికి డెస్కులో తాగే టీ నన్నేమీ చేయదని గొప్పలు పోయేవాణ్ణి. కెఫీన్ సగం కరగడానికే సుమారు అయిదు గంటలు పడుతుంది. నిద్ర ముంచుకొచ్చేలా చేసే అడినోసిన్‌ను మెదడులో కూర్చోనివ్వకుండా అడ్డుపడటమే దాని పని. పడకకు ఆరు గంటల ముందు 400 మిల్లీగ్రాములు తీసుకున్నా నిద్రలో గంటకు పైగా కోతపడిందని 2013లో అమెరికాలో తేల్చారు. మా కప్పుల్లో అంత ఉండదు, కానీ మా కప్పులు ఒకటీ రెండూ కావు. భారీ భోజనం నన్ను పడుకోబెడుతుంటే, టీ లోపల కూర్చుని తెల్లవారుజాము కోసం చూసేదన్నమాట.

ఒక పొరపాటు దిద్దుకోబోయి రెండో కొసకు కూడా వెళ్ళాను. రాత్రి అసలేమీ తినకుండా పడుకోవడం మొదలుపెట్టాను. ఆకలి నిద్ర పట్టనివ్వలేదు. అర్ధరాత్రి లేచి ఫ్రిజ్ ముందు నిలబడి మిగిలిన పూరీలు తిన్నాను. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

ఇప్పుడు నేను ఎనిమిదింటికి ఆఫీసులోనే డబ్బా విప్పుతున్నాను. సాయంత్రం అయిదు తర్వాత టీ మానేశాను. ఎన్నికల లెక్కింపు లాంటి రాత్రులు తప్ప. ఆ రాత్రులు మిర్చిబజ్జీలు కూడా తప్పవు. నాన్న ఏడింటికల్లా తినేస్తున్నాడు, మనవలతో కలిసి. అందరం కలిసి తినడం ఆదివారం మధ్యాహ్నానికి మారింది. దగ్గు తగ్గడానికి డాక్టరిచ్చిన మందులూ సాయంచేశాయి, ఆ గొప్పంతా వేళదే అనను. ఇటుకలు మాత్రం మంచం కోళ్ళ కింద అలాగే ఉన్నాయి. మెలకువ ఇప్పటికీ వస్తుంది, ఆ వయసులో కొంత రాక తప్పదు. గొంతు పట్టుకుని కూర్చోవడం మాత్రం పోయింది.

తెగనిదల్లా పాల సంగతే. పంచదార, అరటిపండు మానిపించగలిగాను గానీ, అరగ్లాసు వేడిపాలు లేనిదే మంచం ఎక్కనంటాడు. డాక్టర్ని అడిగితే ఇంకాస్త ముందు తాగమనండి, అంతే అన్నాడు. అందులో నిద్ర పట్టించేదేమీ లేదు నాన్నా అని లెక్కలతో సహా చెప్పబోయాను. "నువ్వే గదరా పేపర్లో రాసింది" అన్నాడు.