పండుగనాటి సెలవు

పర్వమను సంస్కృత శబ్దమునకు పండుగ యనియు, వెదురునకును చెరకునకును ఉండు కణుపనియు రెండర్థములు కలవు. పిల్లలకు ఈ మాట చెప్పునప్పుడెల్ల మాకు ముచ్చటగా నుండును. గడ పెరిగి పెరిగి ఒకచోట నిలిచి, బలము కూర్చుకొని, మరల పైకి సాగును. ఆ నిలిచిన చోటు కణుపు. సంవత్సరమును అట్లే నడచి నడచి యొకనాడు నిలువవలెను; ఆ నిలిచిన దినము పండుగ. ఆంగ్లేయుల 'హాలిడే' యను మాటకు మొదటి యర్థము పుణ్యదినము. పిమ్మట నది సెలవుదినమైనది. ఈ విధముగ రెండు భాషలును పండుగను విశ్రాంతితో ముడివేసినవి. కాని యా విశ్రాంతి యెవరిదో ఏ నిఘంటువును చెప్పదు.

ఈ ప్రశ్నకు మాకు కొంత సమాధానము న్యూజిలాండు దేశమున, వైకాటో సీమలో, ఒక పాడిరైతు పొలమునందు దొరకినది. 2023 డిసెంబరులో మేమును మా ఇంటియామెయు అచ్చట మా చెల్లెలి కుటుంబముతో 12 దినములు గడపితిమి. చెల్లెలును ఆమె భర్తయు అక్కడ సగపాలు వ్యవసాయము చేయుచున్నారు. నేలయు, పాలు పిదుకు శాలయు ఒక వృద్ధదంపతులవి. ఆవులును కష్టమును వీరివి. పాలమీద వచ్చిన సొమ్ము చెరిసగము. పాలనగా క్షీరమును, వాటాయు గూడ నగుటచే, ఈ యేర్పాటునకు తెలుగులో దొరకినంత తగిన పేరు మరియొక భాషలో దొరకదు.

ఆ దేశము దక్షిణార్ధగోళమున నుండుటచే డిసెంబరు అచ్చట నడివేసవి. 22వ తేది ప్రాంతమున సూర్యుడు మకరరేఖను చేరి మనవైపు మరలును, వారినుండి మరలిపోవును. రాత్రి ఎనిమిదిన్నర యైనను వెలుగు పోదు. ఐనను వేడి 24, 25 డిగ్రీలకు మించలేదు. మా గోదావరి తీరమున పుష్యమాసపు మధ్యాహ్నము ఇంతకంటె వేడిగా నుండును. బడులకు సెలవు. పిల్లలు చెప్పులు లేక పచ్చికలో పరుగెత్తుచుండిరి. ఎర్రని కేసరముల గుత్తులతో పొహుటుకావా చెట్లు విరగబూచి యుండెను. మన నేరేడు, జామ చెట్ల కుటుంబములోనిదే యీ చెట్టు. క్రిస్మసు నాటికి పూయుటచే దానిని వారు తమ క్రిస్మసు చెట్టందురు. ఇంటిలోపల బల్లమీద పేర్చిన శుభాకాంక్షల కార్డులలో మాత్రము మంచు కురియుచునే యుండెను.

ఆ మంచు ఇంగ్లండునుండి ఓడలో వచ్చినది. అచ్చట క్రిస్మసు చలికాలపు పండుగ. కాల్చిన పెద్దబాతు, గంటలకొలది ఉడికించిన పుడ్డింగు, మండుచున్న పొయ్యి ఆ చలిలో సుఖమునిచ్చును. 1769 లో కెప్టెన్ కుక్కు ఓడ న్యూజిలాండు ఉత్తరతీరమున తిరుగుచుండగా క్రిస్మసు వచ్చెను. పండుగనాడు పెద్దబాతు వంటకము లేకున్న నెట్లు? నడిసముద్రమున పెద్దబాతులెక్కడివి? అందుచే ఓడలోని ప్రకృతిశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్సు గానెట్లను సముద్రపక్షులను తుపాకితో కొట్టగా, వానితోనే ఆ వంటకము చేసుకొని పండుగ జరపిరి. ఆచారమునకు అంత బలమున్నది! తరువాతి శతాబ్దమున వలసవచ్చిన కుటుంబములును వేసవిలో పొయ్యిమీద ఆ చలికాలపు భోజనమునే వండుచు వచ్చెను. వండినవారెవరో వేరుగ చెప్పనేల? క్రమక్రమముగ నది మారినది. నేడు చాల యిండ్లలో చల్లార్చిన మాంసము, పుదీనాతో ఉడికించిన లేత బంగాళాదుంపలు, స్ట్రాబెర్రీలు, గ్రుడ్ల తెల్లసొనను పంచదారతో గిలకొట్టి చేసిన 'పావ్లోవా' యను తీపి. వేడిగా కావలసినది ఆరుబయట నిప్పులమీద కాల్చుకొందురు. పాత భోజనమే ప్రియమైనవారు దానినే వండుకొందురు. వారిని కాదనువారు లేరు.

పండుగనాటి యుదయము ఐదుగంటలకే పాలశాలలో దీపములు వెలిగినవి. ఆవులకు క్రిస్మసు తెలియదు. సుమారు 300 ఆవులు తడవకు కొన్నిగా లోనికి వచ్చి, చేపముల్లువలె ఏటవాలు వరుసలలో నిలిచెను. ఈ చేపముల్లు శాలను 1952 లో ఆ సీమలోనే రాన్ షార్ప్ అను రైతు కనిపెట్టెను. పిదుకువాడు నడుమనున్న గోతిలో నిలిచి, నడుము వంచనక్కరలేక, రెండువైపుల ఆవులకును యంత్రపు గొట్టములు తగిలించును. ఒక ప్రక్క మా చెల్లెలి భర్తయు మేనకోడలును, రెండవ ప్రక్క చెల్లెలును మేనల్లుడును నిలిచిరి. మేము నీళ్ళగొట్టము పట్టి నేల కడిగితిమి. సామాన్యముగ దినమునకు రెండుసారులు పిదుకుదురు. ఆనాడు మాత్రము సాయంకాలపు పిదుకుడు మానిరి. పాలు కొంత తగ్గును. దానిని పండుగ ఖర్చులలో వ్రాసికొందురు.

మధ్యాహ్నము ఆ వృద్ధదంపతులును, ఇరుగుపొరుగు రైతులును వచ్చిరి. విందునకు పిలుచునప్పుడు 'ఒక పళ్ళెము తెండి' యనుట ఆ దేశపు వాడుక; పళ్ళెములో వంటకముండవలెనని భావము. మా చెల్లెలు మొదటియేట వట్టి పళ్ళెమే పట్టుకొనిపోయెనట! ఈసారి మా ఇంటియామె పులిహోర కలిపెను. బల్లలు చెట్టునీడకు చేర్చుట పిల్లల పని. నిప్పులయొద్ద నిలుచుట మగవారి పని. భోజనానంతరము గిన్నెలు తోమినది ఆ వృద్ధుడైన భూస్వామియు, మేమును. మా ఇంటియామె అలవాటు చొప్పున గరిటె పట్టి నిలుచుండగా, ఆ వృద్ధురాలు ఒక కుర్చీ లాగి తన ప్రక్కన వేసెను. ఇరువది సంవత్సరముల కాపురములో పండుగనాడు అందరితో కలసి మొదటి పంక్తిని ఆమె భుజించుట అదియే ప్రథమము. ఆ రాత్రి "వడ్డించేవాళ్ళు లేరుగాని, దేనికీ లోటు రాలేదండీ" యని మాత్రమనెను.

ఆ దేశము స్వర్గమని చెప్పుట మా యుద్దేశము కాదు. జూలై, ఆగస్టు నెలలలో ఆవులు ఈనునప్పుడు మా చెల్లెలికి ఆదివారమును లేదు, రాత్రియు లేదు. విందునకు ఎవరేమి తేవలెనో చీటి వ్రాసి, పది దినములు ఆ భారమును తలలో మోసినదియు ఆమెయే. యంత్రములుండుటచే తీరిక దొరకినదనుటయు సరికాదు. యంత్రము పాలు పిదుకును గాని పంక్తిలో ఎవరినెక్కడ కూర్చుండబెట్టవలెనో చెప్పదు. ఆనాటి తీరిక మూడు విధముల వచ్చినది: కొంత పని తగ్గించిరి, కొంత పని పంచుకొనిరి, కొంత పని ఆ దినమునకు మానిరి. ఈ మూడింటికిని ధనముతో నిమిత్తము లేదు.

చదువరులు ఇక మన యిండ్లవైపు చూడవలెను. సంక్రాంతికి పది దినముల ముందునుండియే ఇల్లాండ్రకు ఊపిరాడదు. బియ్యము నానబోయుట, తడిపిండి పట్టించుట, పాకము పట్టుట, అరిసెలు ఒత్తుట, జంతికలు, సున్నియుండలు, భోగినాటి తలంట్లు, పండుగనాటి పిండివంటలు, కనుమనాటి గారెలు. కనుమనాడు మినుములు తినవలెనందురు, రుబ్బవలసినదెవరో అనరు. ఆ కనుమనాడే మనము ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగులు పూసి, కాడి కట్టక విడుతుము. ఏడాది పొడుగున దున్నిపెట్టిన మూగజీవికి ఒక దినము సెలవు! ఎంత చక్కని యాచారము! ఆ దేశపు పాడిపొలమున పశువునకు పండుగ లేదు, ఇల్లాలికి కలదు. మన యూరిలో పశువునకు కలదు, ఇల్లాలికి లేదు. కనుమను ఏర్పరచిన పెద్దలు దయలేనివారు కారు. ఆ దయను పశువులదొడ్డినుండి వంటయింటిదాక తెచ్చుట మన వంతు.

'నైవేద్యము తగ్గింపవచ్చునా? ఆచారము చెడదా?' యని కొందరడుగుదురు. భక్తితో నిచ్చిన ఆకు, పువ్వు, పండు, నీరు చాలునని గీతాచార్యుడే సెలవిచ్చియుండగా, తొమ్మిది పిండివంటలు కోరునది దేవుడా, మన నాలుకయా? 1814 లో క్రిస్మసునాడు శామ్యూల్ మార్స్‌డెన్ అను మతాచార్యుడు న్యూజిలాండు ఉత్తరభాగమునందలి ఓయిహీ తీరమున ఉపదేశము చేసెను. నేటికిని క్రిస్మసునాడు ఆ దేశపు చర్చీలలో ప్రార్థన జరుగుచునే యున్నది. భోజనము మారినంతమాత్రమున అది యాగలేదు. 2023 జనాభా లెక్కలలో అచ్చట సగముకంటె నెక్కువమంది తమకు మతము లేదని తెలిపిరి, నిజమే. కాని మతము విడిచినవారిలోను ఎందరో ఆనాడు తలిదండ్రుల యింటికి చేరుట మానలేదు. పండుగకు ప్రాణము వంటకముల లెక్కలో లేదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి?

మేము తిరిగివచ్చిన రెండువారములకు, 2024 జనవరి 15న, సంక్రాంతి వచ్చెను. మా యింట పిండివంటలలో అరిసెలొక్కటియే చేయ నిశ్చయించితిమి. పిండి పట్టించి తెచ్చుట మా కుమారుని పని; ఒత్తుట మాది; పాకము మాత్రము మా తల్లి చూడనిదే కుదరదు. కనుమనాడు గారెలు మగవారమే వండితిమి. కొన్నింటికి నడిమి చిల్లి కుదరలేదు గాని రుచి కుదిరినది. అందరమును ఒక్క పంక్తిలో కూర్చుంటిమి. మా తల్లి మాత్రము "మీరు తినండిరా, నాకలవాటు లేదు" అని చాలసేపు ఒప్పుకొనలేదు. తుదకు మనుమరాలు చేయిపట్టి తెచ్చి విస్తరిముందు కూర్చుండబెట్టెను. ఆమె మొదటి ముద్ద కలుపుకొని, ప్రక్క విస్తరిలోనికి చూచి, నేయి పడలేదని మరల లేవబోయెను. నేతిగిన్నె అప్పటికే మా కుమారుని చేతిలో నుండెను.