కాజీపేటకి ఒక టికెట్

నత్తి ఉన్నవాళ్ళు ఊరిని అక్షరాలతో గుర్తుపెట్టుకుంటారు. హైదరాబాదులో అబిడ్స్ నుంచి నాంపల్లి దాకా ప్రతి పేరూ నాకు అలాగే గుర్తు. నాంపల్లి మంచి పేరు. 'న' దగ్గర నాలుక ఆగినా శబ్దం సాగుతూనే ఉంటుంది. కోఠి, గన్‌ఫౌండ్రీ, బొగ్గులకుంట కష్టం. ఆటోవాలాతో కోఠి అనలేక ఉమెన్స్ కాలేజీ అనేవాణ్ణి. నాంపల్లి స్టేషన్‌లో జనరల్ టికెట్ కౌంటర్ ముందు కాజీపేట అనలేక వరంగల్ అని, కాజీపేటలోనే దిగిపోయేవాణ్ణి. పది కిలోమీటర్లకు అదనంగా ఇచ్చిన ఆ డబ్బు నా నోటికి కట్టిన సుంకం. రిజర్వేషన్ అయితే ఆ బాధ లేదు. ఫారం నింపి కిటికీలోంచి ఇస్తే చాలు.

ఒక మాట రాకపోతే ఇంకో మాట వెతుక్కోవడం మాకు చిన్నప్పుడే అలవాటవుతుంది. హైదరాబాదులో ఇది ఇంకా సులువు. తెలుగులో అడ్డుపడితే ఉర్దూలోకి, అక్కడా పడితే ఇంగ్లీషులోకి జారుకోవచ్చు. నీళ్ళు, పానీ, వాటర్: ఏది ముందు నోటికి వస్తే అది. 'మూడు భాషలూ బాగా మాట్లాడతాడే' అని మెచ్చుకున్నవాళ్ళూ ఉన్నారు. ఒక్క సొంత పేరుకే బదులు మాట దొరకదు. అందుకే ఎవరైనా 'మీ పేరండీ?' అని అడిగినప్పుడు పడే యాతన బయటివాళ్ళకి అర్థం కాదు. సొంత పేరు మరిచిపోయాడేమో అనుకుంటారు.

ఇంట్లోవాళ్ళు ఊరుకోలేదు. వసకొమ్ము అరగదీసి తేనెతో నాలుకకి రాశారు. 'నెమ్మదిగా మాట్లాడు నాన్నా, ఊపిరి తీసుకో' అన్నారు. ప్రేమతో చెప్పిన మాటలే. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ ఇంట్లో అందరూ నా నోటి వంకే చూస్తున్నారని తెలిసేది. బడిలో శతక పద్యాలు అందరితో కలిసి అప్పజెప్పేటప్పుడు నాకు ఒక్క అక్షరం తడబడేది కాదు. హాజరు పిలిచేటప్పుడు మాత్రం 'ప్రెజెంట్ సార్' అనలేక 'ఎస్ సార్' అనేవాణ్ణి. పాడేటప్పుడు, పదిమందితో గొంతు కలిపినప్పుడు నత్తి దాదాపు కనిపించదు. చాలామంది విషయంలో ఇది నిజం. అది చూసే పెద్దవాళ్ళు 'కావాలంటే మాట్లాడగలడు, భయం అంతే' అని తీర్పు చెప్పేస్తారు.

భయం నత్తిని పెంచుతుంది, పుట్టించదు. మాటకు కావలసిన కండరాల కదలికలను మెదడు వరుసగా, వేళకు నడపడంలో వచ్చే తేడా ఇది. చాలా కుటుంబాల్లో వంశపారంపర్యంగా వస్తుంది. 2010లో అమెరికా శాస్త్రవేత్తలు పాకిస్తానీ కుటుంబాలను పరిశీలించి, దీనితో ముడిపడిన జన్యువులను గుర్తించారు. సాధారణంగా రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. నూటికి అయిదుగురు పిల్లలకు ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది, ఎక్కువమందికి దానంతట అదే పోతుంది. పెద్దయ్యాక కూడా మిగిలేది నూటికి ఒకరికి. వాళ్ళలో ఆడవాళ్ళకంటే మగవాళ్ళు సుమారు నాలుగు రెట్లు. తల్లి పెంపకం వల్ల రాదు, నత్తి ఉన్న పిల్లాడితో ఆడుకుంటే అంటుకోదు. ఈ రెండు అపోహలూ ఎంతమంది తల్లుల్ని ఏడిపించాయో!

నేను స్పీచ్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళింది ఉద్యోగంలో చేరాకే. అబిడ్స్‌లో ఒక సందు, బట్టల కొట్టు పైన గది. నత్తి ఎలా పోగొడతారో చెబుతారనుకున్నాను. మేడమ్ ఒక అద్దం ముందు పెట్టి, 'మీకు బాగా కష్టమైన మాట చెప్పండి. నత్తి వస్తే రానివ్వండి, దాచొద్దు' అన్నారు. కాజీపేట అనబోయాను. కళ్ళు మూసుకుపోయాయి, మెడ నరాలు లేచాయి, దవడ బిగిసింది. ఇన్నేళ్ళుగా ఎదుటివాళ్ళు చూసిన నా ముఖాన్ని నేను చూడటం అదే మొదలు. 'ఎక్కడ ఆగిందో చూశారా?' అని అడిగారు. నాలుక వెనక భాగం అంగిలికి గట్టిగా నొక్కుకుని గాలిని ఆపేస్తోంది. నేను తోసేకొద్దీ అది ఇంకా బిగుస్తోంది.

ఆ తర్వాత నేర్పింది వినడానికి చిన్నదే. ముందు కొంచెం గాలి వదలాలి. నాలుకని తేలిగ్గా తాకించాలి. 'కా'ని కాస్త సాగదీసి మొదలుపెట్టాలి. మధ్యలో ఇరుక్కుంటే పోట్లాడకూడదు, ఉన్నచోటే బిగువు సడలించి మెల్లగా జారిపోవాలి. అప్పటికే నత్తిగా అనేస్తే, ఒక్క క్షణం ఆగి అదే మాట మళ్ళీ హాయిగా అనాలి. గదిలో ఇది తొందరగానే వచ్చింది. బయటికి రాగానే పోయింది. నత్తి చికిత్సలో అసలు కష్టం అక్కడే, గది దాటాకే.

అందుకే ఆవిడ నన్ను వీధిలోకి పంపేవారు. అబిడ్స్‌లో ఆదివారం కొట్లు మూసి ఉంటాయి కదా, వాటి ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరుస్తారు. అక్కడ పుస్తకాల ధర అడగాలి. అడిగేటప్పుడు ఒక మాట మీద కావాలనే నత్తి తెచ్చుకోవాలి! నాకు ఒళ్ళు చల్లబడింది. ఒక పాత నిఘంటువు చేతిలోకి తీసుకుని 'కి... కి... కిత్నా' అన్నాను. అమ్మేవాడు అట్ట మీద దుమ్ము దులుపుతూ నా ప్రశ్న పూర్తయ్యేదాకా ఆగి, ధర చెప్పి, ఎంతకి తీసుకుంటావని అడిగాడు. నవ్వలేదు, జాలిపడలేదు. దాచుకోవాలన్న ఆత్రం పోయాక గొంతులో బిగువు కూడా కొంత వదిలింది. తర్వాత నాంపల్లి స్టేషన్ ఎంక్వయిరీ, ఆ తర్వాత తిలక్ రోడ్డులో సారస్వత పరిషత్తు సభలో లేచి ఒక ప్రశ్న. చివరికి జనరల్ టికెట్ కౌంటర్. కాజీపేట మూడు ముక్కలుగా వచ్చింది. టికెట్ మాత్రం కాజీపేటకే వచ్చింది.

నాకు నత్తి పూర్తిగా పోలేదు. ఇంగ్లండు రాజు ఆరో జార్జికీ పోలేదు. 1925లో లండన్ వెంబ్లీలో జరిగిన బ్రిటిష్ సామ్రాజ్య ప్రదర్శన ముగింపు ప్రసంగంలో ఆయన పడ్డ అవస్థ అందరూ చూశారు. మరుసటి ఏడాది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన స్పీచ్ థెరపిస్టు లయొనెల్ లోగ్ దగ్గర చికిత్సకు చేరారు. 1939 సెప్టెంబరు 3న యుద్ధం వచ్చిందని రేడియోలో దేశానికి చెప్పారు. లోగ్ ఆయన పక్కనే ఉన్నాడు. నత్తి ఉన్నా చెప్పవలసింది చెప్పగలగడం, దానికోసం మాట మార్చుకోకపోవడం, ఇదే గెలుపని నా నమ్మకం. మన సినిమాల్లో మాత్రం నత్తి పాత్ర ఎక్కువగా నవ్వించడానికే వస్తుంది. 2017లో వచ్చిన 'జై లవకుశ'లో ఆ నవ్వు ఒక పిల్లవాణ్ణి ఏం చేస్తుందో చూపించారు. అది నాకు నచ్చింది.

పది రోజుల్లో నత్తి నయం, గ్యారంటీ అనే ప్రకటనలు కనిపిస్తే నమ్మకండి. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉందా అని అడగండి. అలా అడగడం మీ హక్కు. పిల్లలకు తడబాటు మొదలై ఆరు నెలలు దాటినా, ఇంట్లో ఇంకెవరికైనా నత్తి ఉన్నా, 'పెద్దయితే పోతుందిలే' అని కూర్చోవద్దు. కోఠిలో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి ఉంది. జిల్లాల్లో పిల్లల కోసం ఏర్పాటు చేసిన సత్వర చికిత్సా కేంద్రాలున్నాయి. వెళ్ళి చూపించండి. ఇక ఎవరైనా మీ ఎదుట మాట కోసం ఇబ్బంది పడుతుంటే ఆ మాట మీరు అందించకండి. ముఖం తిప్పుకోకుండా కాసేపు ఆగండి. చెప్పదలుచుకున్నది వాళ్ళే చెబుతారు.