గెలిచి వచ్చినవాడికీ గుమ్మం తెరుచుకోలేదు

హాట్ బ్రౌన్, మింట్ జూలెప్, కెంటకీ డెర్బీ... లూయివిల్ విందు బల్ల వెనక ఓ ప్రవాస జాకీ కథ

అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో అతి పెద్ద నగరం లూయివిల్. స్థానికులు మాత్రం నోట్లో ఏదో పెట్టుకుని మాట్లాడుతున్నట్టు ‘లూవుల్’ అంటారు. ఈ ఊరు వచ్చినవారు రెండు పనులు చేయకుండా వెనుదిరగరు. ఒకటి, చర్చిల్ డౌన్స్ రేసుకోర్సు గ్యాలరీ మీద 1895లో వెలసిన జంట శిఖరాలను చూడటం. రెండోది, నాలుగో వీధి, బ్రాడ్వే కలిసే మూలన ఉన్న బ్రౌన్ హోటల్లో హాట్ బ్రౌన్ తినడం.

పేరుకు శాండ్‌విచ్ అయినా అది చేత్తో పట్టుకు తినే రకం కాదు. మందపాటి రొట్టె ముక్క మీద టర్కీ కోడి మాంసం పరిచి, వెన్న, మైదా, మీగడ, చీజ్ కలిపి కాచిన చిక్కని సాస్ దాన్ని ముంచెత్తేలా పోసి, పైన మాడీ మాడనట్టు రంగు తిరిగేదాకా మంట కింద పెడతారు. ఆపైన అడ్డంగా రెండు బేకన్ ముక్కలు, పక్కన టమాటా. ఇది 1926లో పుట్టింది. ఆ రోజుల్లో రాత్రి డాన్సుకు వెయ్యి మందికి పైగా వచ్చేవారు. ఆడి అలసి, అర్ధరాత్రి దాటాక ఆకలితో నకనకలాడుతూ వచ్చేవారికి రోజూ గుడ్లు, హామ్ పెడితే మొహం మొత్తుతోందని షెఫ్ ఫ్రెడ్ ష్మిట్ ఈ వంటకం కనిపెట్టారు. ఒకటి పూర్తిగా తిన్నవారికి ఆ పూట మరో పని చేసే ఓపిక ఉండదు.

మే మొదటి శనివారం జరిగే డెర్బీ కోసం ఈ ఊరు అన్నిరకాలుగా సిద్ధమవుతుంది. వంట కూడా ఆ సన్నాహంలో భాగమే. దొరికిన మాంసాలన్నీ, కూరగాయలన్నీ పెద్ద పెద్ద గుండిగల్లో గంటల తరబడి ఉడికించే బర్గూ ఉంది. ఒకప్పుడు అందులో ఉడత మాంసం కూడా వేసేవారు. దీన్ని వండటంలో పేరుమోసిన లెక్సింగ్టన్ వాసి ఒకాయన గౌరవార్థం ఓ గుర్రానికి ‘బర్గూ కింగ్’ అని పేరు పెడితే, అది 1932లో డెర్బీనే గెలిచేసింది. చాక్లెట్, వాల్‌నట్లతో చేసే డెర్బీ పై ఉంది. ఆ పేరుపై ట్రేడ్‌మార్కు హక్కు ఒక కుటుంబ సంస్థది కాబట్టి, మిగతా బేకరీలు అదే తీపి వంటకాన్ని మరో పేరుతో అమ్ముకోవాల్సిందే. కాదన్నవారు కోర్టు మెట్లెక్కారు. దోసకాయ, క్రీమ్ చీజ్‌తో చేసే పచ్చటి బెనెడిక్టీన్ కూడా ఈ ఊరిదే. మన నగరాల్లో పిల్లలు కూడా గుర్తుపట్టే వేయించిన కోడి బ్రాండు కేఎఫ్‌సీ పుట్టింది కెంటకీలోనే అయినా, దాని అమెరికా ప్రధాన కార్యాలయాన్ని లూయివిల్ నుంచి టెక్సాస్‌కు తరలిస్తున్నట్టు 2025లో ప్రకటించారు. ఊరివారు కాస్త నొచ్చుకున్నారు.

అన్నిటికన్నా ముందు మింట్ జూలెప్. నలిపిన పుదీనా, పంచదార పాకం, చితక్కొట్టిన మంచు, ఆపైన బర్బన్ విస్కీ. డెర్బీ రెండు రోజుల్లో రేసుకోర్సులో దాదాపు 1,20,000 గ్లాసులు ఖర్చవుతాయంటారు. ఈ పానీయానికి పేరు తెచ్చినవారిలో టామ్ బుల్లాక్ ఒకరు. 1872లో లూయివిల్‌లో పుట్టి, ఇక్కడి పెండెనిస్ క్లబ్‌లో పనిచేసి, 1917లో పానీయాల పుస్తకం అచ్చువేశారు. నల్లజాతి అమెరికన్ రాసిన తొలి కాక్‌టెయిల్ పుస్తకంగా దాన్ని చెబుతారు. 1913లో మాజీ అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ తాను తాగుబోతునన్న రాతలపై పరువునష్టం దావా వేసి, బుల్లాక్ కలిపిన జూలెప్‌ను కాస్త చప్పరించి వదిలేశానన్నట్టుగా సాక్ష్యం చెప్పారు. బుల్లాక్ చేతి జూలెప్‌ను సగంలో వదిలే మనిషి ఉంటాడా అని సెయింట్ లూయిస్ పత్రిక ఒకటి సంపాదకీయమే రాసింది. అదే క్లబ్‌లో లిఫ్ట్ బాయ్‌గా చేరి వడ్డన సిబ్బందికి పెద్ద అయిన హెన్రీ బైన్ కూడా నల్లజాతీయుడే. డెర్బీ రోజుల్లో మాంసంతో నంజుకునే సాస్ ఆయన పేరు మీదే సీసాల్లో అమ్ముడవుతోంది. వాళ్లు వడ్డించిన బల్లల దగ్గర సభ్యులుగా కూర్చునే వీలు మాత్రం ఆ రోజుల్లో వాళ్లకు లేదు.

గుర్రాల సంగతీ అంతే. అసలు కథ అక్కడే ఉంది.

కెంటకీ నీలి గడ్డి మైదానాల్లో బానిసత్వపు రోజుల నుంచీ గుర్రాలను కడిగింది, మేపింది, మచ్చిక చేసింది, పందెంలో ఉరికించింది నల్లవారే. 1865లో బానిసత్వం రద్దయ్యాక కూడా ఆ విద్య వాళ్ల చేతుల్లోనే మిగిలింది. 1875 మే 17న తొలి డెర్బీ జరిగితే, అందులో 15 మంది జాకీల్లో 13 మంది నల్లజాతీయులు. గెలిచిన ఆరిస్టైడిస్‌ను ఎక్కింది ఆలివర్ లూయిస్. దానికి శిక్షణ ఇచ్చింది బానిసగా పుట్టిన ఆన్సెల్ విలియమ్సన్. తొలి 28 డెర్బీల్లో 15 నల్లజాతి జాకీలే గెలిచారు. ఐజాక్ మర్ఫీ ఒక్కరే మూడు గెలిచారు. రేసుల్లో డబ్బు, పేరు పెరిగే కొద్దీ తెల్ల జాకీలు జట్టు కట్టారు. పందెం మధ్యలో నల్ల జాకీలను కంచెకేసి నెట్టడం, అడ్డుకోవడం మొదలైంది. గుర్రం దెబ్బతింటుందన్న భయంతో యజమానులు నల్లవారిని ఎక్కించడం మానేశారు. ఎవరూ చట్టం చేయలేదు. ఉత్తర్వు ఇవ్వలేదు. ఇరవయ్యేళ్లలో పని పూర్తయిపోయింది.

ఆ వరుసలో చివరి విజేత జిమ్మీ వింక్‌ఫీల్డ్. లెక్సింగ్టన్ పక్కన చైల్స్‌బర్గ్ అనే పల్లెలో, 17 మంది సంతానంలో ఆఖరివాడు. మనిషి పొట్టి, చేతులు మెత్తన. 1901లో హిజ్ ఎమినెన్స్ మీద, 1902లో అలన్-ఎ-డేల్ మీద వరుసగా డెర్బీ గెలిచారు. 1903లో రెండో స్థానం. అదే ఏడాది ఒక పెద్ద గుర్రాల యజమానికిచ్చిన మాట తప్పి మరొకరి గుర్రం ఎక్కడంతో, అమెరికాలో ఆయనకు స్వారీలు దొరకడం కష్టమైంది. మాట తప్పడం తప్పే. కానీ తెల్ల జాకీ అయితే ఆ తప్పుకు అంత శిక్ష పడేదా అన్నది వేరే ప్రశ్న. 1904లో ఆయన రష్యా వెళ్లిపోయారు.

అక్కడ జార్ చక్రవర్తి ఏలుబడిలో పెద్ద పందేలెన్నో గెలిచి, మాస్కోలో నేషనల్ హోటల్లో గది, పనివాళ్లు, పేరు సంపాదించారు. విప్లవం వచ్చి అదంతా ఊడ్చేసింది. 1919లో ఒడెస్సా నుంచి పోలండ్ దిశగా రెండొందలకు పైగా మేలుజాతి గుర్రాలను తోలుకుంటూ సాగిన బృందంలో ఆయన ఒకరు. దారిలో తిండి దొరక్క కొన్ని గుర్రాలనే కోసుకు తిన్నారని చెబుతారు. తరవాత ఫ్రాన్స్. పారిస్ పక్కన మేజాన్-లఫిట్‌లో సొంత గుర్రపుశాల పెట్టుకుని, 1930లో స్వారీ మానేసి శిక్షకుడయ్యారు. మళ్లీ యుద్ధం వచ్చింది. నాజీలు శాలలు స్వాధీనం చేసుకోవడంతో 1941లో అమెరికా చేరారు. రెండు డెర్బీలు గెలిచిన మనిషికి న్యూయార్క్‌లో దొరికిన పని రోడ్డు తవ్వే సుత్తి యంత్రం పట్టుకోవడం. 1953లో తిరిగి ఫ్రాన్స్ వెళ్లి శాల మళ్లీ నడుపుకొన్నారు.

1961 వసంతంలో ఆయన అమెరికాలో ఉన్నారు. వయసు ఎనభైకి అటూఇటుగా. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఆయన జీవితంపై పెద్ద కథనం వేసింది. డెర్బీ ముందు రేసు పత్రికా రచయితల సంఘం ఇచ్చే విందుకు ఆహ్వానం అందింది. వేదిక బ్రౌన్ హోటల్.

అదెలాంటి కాలమో కొంత చెప్పుకోవాలి. 1959లో, హోటల్ ఉన్న బ్రాడ్వే మీదే ఉన్న బ్రౌన్ థియేటర్లో ‘పోర్గీ అండ్ బెస్’ ఆడింది. అది నల్లజాతి నటులతో తీసిన చిత్రం. చూడటానికి మాత్రం నల్లవారిని లోపలికి రానివ్వలేదు. 1960లో రోమ్ ఒలింపిక్స్ స్వర్ణంతో సొంతూరికి వచ్చిన కేషియస్ క్లే, అంటే తరవాతి మహమ్మద్ అలీ, ఊళ్లో ఓ హోటల్లో తిండి పెట్టబోమనిపించుకున్నట్టు తన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. కోపంతో పతకాన్ని ఒహాయో నదిలో విసిరేశానన్న మాట మీద వాదాలున్నాయి గానీ, నల్లవారికి వడ్డించని హోటళ్లు నగరం నడిబొడ్డున ఉండేవన్న దాని మీద వాదమేమీ లేదు. 1961 మొదట్లో నాలుగో వీధి పొడవునా విద్యార్థులు బైఠాయింపులు చేస్తున్నారు, వందల మంది అరెస్టవుతున్నారు. ఆ వీధి చివర హోటల్‌కే వింక్‌ఫీల్డ్ తన కూతురు లిలియాన్‌తో కలిసి వచ్చారు.

ముందు ద్వారం దగ్గరే ఆపేశారు. ఈ తలుపు గుండా మీరు రాకూడదన్నారు. విందుకు పిలిచారని, ఫలానా పత్రిక అతిథులమని చెప్పుకోవాల్సి వచ్చింది. చాలాసేపు నిలబెట్టాక లోపలికి పంపారు. హాల్లో కూడా పలకరించినవారు తక్కువే. అతి తక్కువ ఆశలున్న గుర్రంతో 1913 డెర్బీ గెలిచిన తెల్ల జాకీ రాస్కో గూస్ మాత్రం దగ్గర కూర్చుని మాట్లాడాడు. ఇద్దరూ ఒకే పనిచేసి, ఒకే పందెం గెలిచినవాళ్లు. వాళ్లకు మాట్లాడుకోవడానికి గుర్రాలున్నాయి.

మన పల్లెల్లో టీ దుకాణాల రెండు గ్లాసుల పద్ధతి తెలిసిన పాఠకులకు ఇందులో వింతేమీ కనిపించకపోవచ్చు. వింత ఏమైనా ఉంటే అది మరోచోట ఉంది. జార్ రష్యా, పోలండ్, ఫ్రాన్స్... భాష రాని, బంధువులు లేని దేశాల్లో ముందు ద్వారం గుండా వెళ్లినవాడిని, పుట్టిన రాష్ట్రంలో ఆపారు. సొంతూరు తిరిగొచ్చిన ప్రవాసికి ముందుగా గుర్తొచ్చేది తిండి అంటారు. ఆ రాత్రి ఆయన ఏం తిన్నారో చరిత్ర పుస్తకాలకు ముఖ్యం కాలేదు.

ఆ ఏడాది డెర్బీని క్యారీ బ్యాక్ అనే గుర్రం గెలిచింది. వింక్‌ఫీల్డ్ ఫ్రాన్స్ తిరిగి వెళ్లిపోయారు. హోటళ్లు, థియేటర్లలో జాతి వివక్షను నిషేధిస్తూ లూయివిల్ నగరం 1963లో ఆర్డినెన్స్ తెచ్చింది. 1974లో మేజాన్-లఫిట్‌లోనే ఆయన కన్నుమూశారు. అంతకు మూడేళ్ల ముందు, 1971లో బ్రౌన్ హోటల్ కూడా నడవలేక మూతపడింది. కొన్నాళ్లు పాఠశాలల బోర్డు ఆఫీసుగా ఉండి, 1985లో మళ్లీ హోటల్‌గా తెరుచుకుంది. హాట్ బ్రౌన్‌ను మళ్లీ బల్లల మీదికి తెచ్చింది.

డెర్బీ కూడా మారింది గానీ, దాని మార్పులు నిదానం. పందేనికి ముందు లక్షన్నర మంది లేచి నిలబడి పాడే కెంటకీ రాష్ట్ర గీతంలో నల్లవారిని కించపరిచే మాట ఒకటి ఉండేది. ‘ప్రజలు’ అన్న మాటను దాని స్థానంలో పెడుతూ శాసనసభ తీర్మానించింది 1986లో. 2020లో కరోనా వల్ల డెర్బీ సెప్టెంబరుకు వాయిదా పడింది. అదే నగరంలో పోలీసు కాల్పుల్లో చనిపోయిన బ్రియానా టేలర్ కోసం నిరసనకారులు ఆ రోజు చర్చిల్ డౌన్స్ బయట నిలబడ్డారు. గ్యాలరీ ఖాళీ. లోపల రెండు నిమిషాల పందెం మామూలుగానే జరిగింది.

డెర్బీ మ్యూజియంలో ఇప్పుడు నల్లజాతి జాకీలకు చోటు ఉంది. వింక్‌ఫీల్డ్ పేరు 2004లో జాతీయ రేసింగ్ హాల్ ఆఫ్ ఫేమ్‌కెక్కింది. 2005లో అమెరికా ప్రతినిధుల సభ ఆయనను కొనియాడుతూ తీర్మానం చేసింది. న్యూయార్క్‌లో ఆయన పేరుతో ఓ పందెం పెట్టారు. లెక్సింగ్టన్‌లోని రెండో నంబరు ఆఫ్రికన్ శ్మశానంలో గుర్రాల మీద బతికిన ఎందరో సమాధుల్లో ఉన్నారు. ఊరు చూడవచ్చేవారిని గుర్రాల ఫారాలకు బస్సుల్లో తీసుకెళతారు గానీ, ఆ శ్మశానం దగ్గర ఆగే బస్సులు తక్కువ. చర్చిల్ డౌన్స్ వెనక వైపు శాలల్లో తెల్లవారకముందే లేచి గుర్రాలను కడిగి, నడిపించే పని ఈనాడు ఎక్కువగా గ్వాటెమాలా, మెక్సికోల నుంచి వచ్చినవారిది. సొంతూరు వెళ్లి రావడం వాళ్లకీ అంత తేలిక కాదు.

1921 తరవాత 79 ఏళ్ల పాటు డెర్బీలో ఒక్క నల్లజాతి అమెరికన్ జాకీ కూడా లేడు. 2000లో మార్లన్ సెయింట్ జూలియన్ ఆ వెలితి తీర్చాడు. 2013లో కెవిన్ క్రిగర్, 2021లో కెండ్రిక్ కార్మూష్ వచ్చారు. కార్మూష్ ఎక్కిన గుర్రం పేరు బర్బానిక్. ఈ ముగ్గురూ గెలవలేదు. 1902లో అలన్-ఎ-డేల్ మీద వింక్‌ఫీల్డ్ గెలిచాక, 2025 దాకా మరో నల్లజాతి జాకీ మెడలో డెర్బీ గులాబీల దండ పడలేదు.