కనఁబడని డ్రైవు – చేయఁదగిన పరీక్షలు

2024వ సంవత్సరము ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వర్షములకు మున్నేరు పొంగి, నందిగామ ప్రాంతమున ఐతవరము వద్ద హైదరాబాదు రహదారిపైకి నీరు వచ్చిన సంగతి మన విద్యార్థులు మఱచియుండరు. 2023వ సంవత్సరము జూలైలోను అట్లే జరిగెను. తడిసిన కాగితము మఱల చేతికి రాదు. అందుచేత నేఁడు పెక్కుమంది పెండ్లి ఫోటోలను, పొలము పత్రముల నకళ్లను, సంఘపు రిజిస్టరుల ప్రతులను యు.ఎస్.బి. డ్రైవులలో దాఁచుకొనుచున్నారు. ఇది మంచి పనియే. అయినను ఒకనాఁడు ఆ డ్రైవును కంప్యూటరు గుర్తింపకపోవచ్చును. అప్పుడేమి చేయవలెనో, ముఖ్యముగా ఏమి చేయఁగూడదో తెలిసికొనుట అవసరము.

గడచిన విద్యాసంవత్సరమున జగ్గయ్యపేటనుండి వచ్చు పదవ తరగతి విద్యార్థిని యొకతె అట్టి డ్రైవు నొకదానిని నాయొద్దకు తెచ్చెను. ప్రభువునందు నిద్రించిన తన నాయనమ్మ పాడిన కీర్తనలు దానిలో కలవు. వేఱొక ప్రతి లేదు. ఇంటివద్ద ఫోను తీగతో తగిలింపఁగా దీపము మాత్రము వెలిఁగెను. బజారులో నొక దుకాణమున చూపఁగా, ఫార్మాటు చేసినఁగాని పనికిరాదనిరఁట.

“మాస్టారూ, మా నాయనమ్మ గొంతు ఇఁక వినఁబడదా?” అని యా బాలిక యడిగెను.

“తొందరపడకు మమ్మా. డ్రైవు చెడుట వేఱు, దానిని కంప్యూటరు చూడలేకపోవుట వేఱు. ఏది జరిగినదో ముందు తెలిసికొందము” అని చెప్పి పరీక్ష నారంభించితిమి.

మొదటిది తీగ. సాధారణముగా యు.ఎస్.బి. 2.0 తీగలో నాలుగు తంతువులుండును. రెండు విద్యుత్తును, రెండు సమాచారమును మోయును. ఛార్జింగునకు మాత్రమే చేసిన కొన్ని చవుక తీగలలో సమాచారపు తంతువులే యుండవు. వానితో దీపము వెలుఁగును గాని ఫైళ్లు రావు. బాలిక యింట జరిగిన దిదియే.

రెండవది ద్వారము. 2.0 ద్వారము 500 మిల్లీయాంపియరులను, 3.0 ద్వారము 900 మిల్లీయాంపియరులను ఇచ్చునట్లు ప్రమాణములు కలవు. లోపల పళ్లెము తిరుగు డ్రైవునకు తిరుగనారంభించునపుడు ఎక్కువ విద్యుత్తు కావలెను. కాఁబట్టి హబ్బును తీసివైచి, డెస్క్‌టాపు వెనుకభాగమున మదర్‌బోర్డునకు నేరుగా అమరిన ద్వారమున పెట్టి చూడవలెను. మిరప, ప్రత్తి పంటలును, సిమెంటు కర్మాగారములును గల మన మెట్ట ప్రాంతమున ద్వారములలో దుమ్ము చేరుట సహజము. కంప్యూటరు నాపి బ్లోయరుతో దానిని తొలఁగింపవలెను. నోటితో ఊఁదిన తేమ చేరును.

మూఁడవది వేఱొక కంప్యూటరు. అక్కడ పనిచేసినచో డ్రైవునందు దోషము లేదు. ఒక్కొక్క సారి ఒక్క మార్పే చేయవలెను. రెండు మార్పులు కలిపి చేసినచో ఏది ఫలించెనో తెలియదు.

నాలుగవది విండోసులోని డిస్క్ మేనేజ్‌మెంటు. ఒక్కొక్కప్పుడు డ్రైవునకు అక్షరము లేకపోవుటచేత అది ఫైళ్ల పట్టికలో కనఁబడదు. అక్షరము నియమించిన చాలును. మా పరీక్షలో డ్రైవును, దాని పరిమాణమును కనఁబడెను గాని ఫైళ్లు తెఱువఁబడలేదు.

“దీనిని మొదట సిద్ధపఱచిన దెవరమ్మా?” అని యడిగితిని.

“మా బాబాయి, హైదరాబాదులో, తన మ్యాక్ కంప్యూటరులో” అనెను.

కారణము తెలిసినది. జగ్గయ్యపేట ధనంబోడు గుట్టపై 1882లో బర్జెస్ దొర పరిశోధించిన బౌద్ధ స్తూపమునొద్ద ఇక్ష్వాకు రాజగు వీరపురుషదత్తుని కాలపు ప్రాకృత శాసనములు దొరకినవి. బ్రాహ్మీ లిపి నెఱుఁగనివానికి అవి వట్టి గీఁతలు. ఎఱిఁగినవానికి దాదాపు పదునేడు వందల యేండ్లనాఁటి పలుకులు. అట్లే మ్యాక్, లినక్సు పద్ధతులలో సిద్ధపఱచిన డ్రైవును విండోసు చదువలేక ఫార్మాటు చేయుమని యడుగవచ్చును. మనకు చదువరాదని శాసనమును చెక్కివేయుదుమా? నందిగామలో మ్యాక్ గల యొక మిత్రుని యింట ఆ డ్రైవును తెఱవఁగా కీర్తనలన్నియు వినఁబడెను. ఆ దినముననే రెండు ప్రతులు తీసితిమి.

కావున ఫార్మాటు, ఇనిషియలైజు అను ప్రశ్నలు వచ్చినపుడు, లోపల విలువైనది యున్నచో, క్యాన్సిల్ అనియే ఉత్తర మీయవలెను. టక్కుటక్కుమను శబ్దము వచ్చినచో వెంటనే తీసివైచి, డేటా రికవరీ తెలిసిన నిపుణునికి అప్పగింపవలెను. మాటిమాటికి తగిలించిన హాని హెచ్చును. పని ముగిసినపుడు ఎజెక్టు చేసియే డ్రైవును తీయవలెను. విద్యుత్తు పోవు వేళలలో ప్రతులు తీయరాదు.

అన్నిటికంటె మేలైనది ముందు జాగ్రత్త. విలువైన వానికి మూఁడు ప్రతులుండవలెను. అవి రెండు విధములైన సాధనములలో నుండవలెను. అందొకటి వరద కందని దూరపు ఊరిలో బంధువుల యింట నుండుట మంచిది.

లూకా సువార్త 15వ అధ్యాయమున నాణెము పోఁగొట్టుకొనిన స్త్రీ దీపము వెలిగించి శ్రద్ధగా వెదకెనే కాని, ఇల్లు పడఁగొట్టలేదు. విద్యార్థులారా, మీ యింట డ్రైవు కనఁబడనినాఁడు ఆమెవలె ఓర్పుతో వెలుపలినుండి లోపలికి వెదకుఁడు. పరీక్ష ముగియకముందే పోయినదని తీర్పు చెప్పకుఁడు.